రెండోది ఎవరిది?

"మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి రెండు కలిశాయని చూపిస్తోంది. ఒకటి నా లాప్‌టాప్. రెండోది ఎవరిది?"

కోడలు ఫోన్ని తీసుకెళ్ళి భర్త పళ్ళేనికి ఆనించి నిలబెట్టింది. తింటున్నవాడు తల ఎత్తలేదు. ఎత్తకుండానే కళ్ళతో చూశాడు. అది ఆమె గమనించింది.

"అది అలాగే చూపిస్తూ ఉంటుందిలే. ఎప్పుడో కలిసినదేదో అందులో ఉండిపోయి ఉంటుంది."

"ఎప్పటిదో కాదు. నేను కళ్ళప్పగించి చూస్తూ ఉండగానే ఒకటి రెండయింది."

"అయితే పక్కవాటా వాళ్ళెవరో పట్టుకుని ఉంటారు."

"పాస్‌వర్డ్ వాళ్ళకెవరిచ్చారు?"

అతను గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగాడు. దాహమేసి తాగినట్టు లేదు.

ఒక్క జవాబు చెప్పి ఉంటే కోడలు నమ్మేదే. ఒక్క ప్రశ్నకి రెండు జవాబులు చెప్పాడు. అంటే రెండూ అబద్ధాలే అయి ఉండాలి.

మురుగు గొట్టాలు వేస్తామని వీధంతా తవ్విన మనుషులు ఇంటికి వచ్చే ఇంటర్నెట్ తీగని తెంపేసి ఆ రోజుకి పద్నాలుగు రోజులు. రేపు కలుపుతాం, ఎల్లుండి కలుపుతాం అంటూనే ఉన్నారు. కోడలి పని ఆ తీగ మీద వేలాడుతోంది. ఎక్కడెక్కడి డాక్టర్లో రోగుల సంగతులు మైకులో చెప్పి పంపిస్తారు. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు ఇంగ్లీషులో టైపు చేసి సాయంత్రం అయిదింటిలోగా తిప్పి పంపాలి. ఈ రెండు వారాల్లో నాలుగుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి అయితే ఆమె వంతు వేరే వాళ్ళకి ఇచ్చేస్తామని నిన్న ఆఫీసు నుంచి కబురు వచ్చింది.

ఆమెది మాటలకే పనికొచ్చే బొత్తాల ఫోను. పొద్దున్నా సాయంత్రమూ భర్త ఇంట్లో ఉన్నంతసేపూ అతని ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టుకుని నెట్టుకొస్తోంది. అతను లిఫ్టు మెకానిక్. ఎవరు ఏ అంతస్తులో ఇరుక్కుపోయినా ముందు మోగేది అతని ఫోనే. దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళడం కుదరదు.

కుదరదు సరే. ఫోను అడిగినప్పుడల్లా అతను దగ్గరే కూర్చోవడం ఎందుకు? తను చేతిలోకి తీసుకుంటే కంగారెందుకు?

కోడలు లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి వైఫై తీసేసింది. తిరిగి వచ్చి ఫోన్ని వేలితో పొడిచింది.

"ఇప్పుడు నాది లేదు. ఒకటి అని ఉంది. ఈ ఒకటి ఎవరు?"

అతను చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో ఫోను లాక్కుని హాట్‌స్పాట్ ఆపేశాడు.

"ఇప్పుడు ఎవరూ లేరు. సరేనా?"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయింది. అప్పుడే పక్కగది తలుపు కిర్రుమంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒక చెయ్యి తలుపు మీదే ఉంది.

"ఏమైందిరా?"

"ఏం లేదమ్మా. నువ్వు లోపలికెళ్ళు."

అత్తగారు కొడుకు వంక చూశారు. కొడుకు తల్లి వంక చూశాడు. రెప్పపాటు కూడా లేదు ఆ చూపు. అత్తగారు మారుమాట లేకుండా వెనక్కి తిరిగి తలుపు వేసుకున్నారు.

తల్లికి కూడా తెలుసన్నమాట. తెలిసే కొడుకుని కాస్తోందన్నమాట.

"నీకు ఫోనే కదా కావాలి?" భర్త లేచాడు. "పద. ఇవాళే కొనేద్దాం."

"రెండు వారాల నుంచీ అడుగుతుంటే రేపు రేపన్నారు. ఇవాళ ఇంత తొందరేం?"

"అడిగితే కొనలేదంటావు, కొంటానంటే ఎందుకంటావు. ఎలా చావమంటావు నన్ను?"

అతను తాళాల గుత్తి తీసుకుని బయటికి నడిచాడు. ఆమె లాప్‌టాప్ని సంచిలో పెట్టుకుంది.

"అదెందుకు మోసుకొస్తావు?"

"ఏ ఫోను బాగా పనిచేస్తుందో అక్కడే చూసుకుంటాను. ఎవరి మాటా నమ్మే ఓపిక లేదు నాకు."

*

గోతుల మీద వేసిన చెక్కల మీదుగా ఒకరి వెనక ఒకరు నడిచారు. దారి పొడుగునా అతను నోరు మెదపలేదు.

ఆ మౌనం కోడలికి కొత్తది కాదు. నాలుగేళ్ళ కిందట మామగారు పోయినప్పుడు, పదిమంది చుట్టాలు కూర్చున్న గదిలో ఆడపడుచు లేచి నిలబడి, "వదిన సరిగ్గా చూసుకోలేదు కాబట్టే నాన్న పోయాడు" అంది. పదకొండు నెలలు ఆ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది కోడలు. పక్క మార్చింది, ఒళ్ళు తుడిచింది, మందులు పట్టింది. ఆ మాట వినగానే ఆమె భర్త ముఖంలోకి చూసింది. అతను నేల చూపులు చూశాడు. చెల్లెలిని ఒక్క మాట అనలేదు.

"ఇది మళ్ళీ ఈ గడప తొక్కితే నేను ఉండను. దీని పేరు ఈ ఇంట్లో వినపడినా ఉండను" అని కోడలే అరిచింది. ఆడపడుచు రావడం మానేసింది. ఆ పేరు ఇంట్లో వినపడలేదు. అతను మాత్రం ఆ రోజు దించిన తల పూర్తిగా ఎత్తినట్టు ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడిది. ఇంకెవరితో కలిసి ఉందో ఆ ఫోను.

ఫోన్ల కొట్టు మలుపులో ఉంది. సగం అమ్మకం, సగం బాగుచేత. కొట్టాయన భూతద్దం నుదుటి మీదికి తోసుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పోట్లాడుకుని వచ్చిన మొగుడూపెళ్ళాలని పసిగట్టడం ఆయనకి అలవాటే అయి ఉండాలి. అతన్ని వదిలేసి ఆమెనే అడిగాడు.

"ఫొటోలు ఎక్కువగా తీస్తారా అమ్మా?"

"తియ్యను."

"సినిమాలు చూస్తారా?"

"చూడను. లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ ఇవ్వాలి. రోజుకి ఏడెనిమిది గంటలు. మధ్యలో తెగకూడదు. మా చేతికి అందే ధరలో ఉండాలి."

కొట్టాయన అద్దాల బీరువాలోంచి తీయబోయిన తళతళలాడే ఫోన్ని మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఇంత సూటిగా చెప్పేవాళ్ళు తక్కువ. అందరూ కెమెరాలెన్ని అనే అడుగుతారు."

మూడు ఫోన్లు బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి సన్నగా నున్నగా ఉంది. రెండోది కొత్తగా వచ్చిన చవకరకం. మూడోది సబ్బుబిళ్ళంత మందం, బూడిదరంగు, మూలల్లో రబ్బరు.

"ఈ మూడోదాని బ్యాటరీ పెద్దది. అందుకే ఆ లావు. దీనికి తీగ తగిలించి లాప్‌టాప్‌కి పెట్టారనుకోండి, నెట్టూ వెళ్తుంది, ఇటు చార్జింగూ ఎక్కుతుంది. వేడి కూడా తక్కువ."

కోడలు దాన్ని తిప్పి చూసింది. అట్ట మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి పడి ఉంది మీ దగ్గర?"

"ఆరు నెలలు."

"అమ్ముడుపోనిది నాకు అంటగడుతున్నారా?"

కొట్టాయన నవ్వాడు. "అంటగడుతున్న మాట నిజమే. అందం లేదని ఎవరూ కొనలేదు. మీకు కావాల్సింది దాని అందం కాదు కదా అని తీశాను. నమ్మకపోతే మూడూ పెట్టి చూసుకోండి. మీ సిమ్మే వేసుకోండి. కుర్చీ ఇస్తాను."

ఆమె నిజంగానే కూర్చుంది. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టుకుంది. ఆ రోజు వంతు రెండు ఆడియోలు ఆఫీసు వాళ్ళు అప్పటికే పంపి ఉన్నారు.

సన్నది గబగబా పట్టుకుంది. పావుగంటకల్లా వీపు కాలిపోయి, దానంతటదే ఆగిపోయింది. చవకది ఇంకా వింత. దాని తెర ఆరితే చాలు, నెట్టు కూడా ఆరిపోతోంది. మాటిమాటికీ వేలితో తట్టి లేపాలి.

లావుది నెమ్మదిగా మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. ఒక ఆడియో మొత్తం దింపింది. ఆమె చెయ్యి వేసి చూసింది. గోరువెచ్చగా ఉంది, అంతే.

"మీ గదిలో సిగ్నల్ ఎలా ఉంటుంది?" కొట్టాయన అడిగాడు.

"కిటికీ దగ్గర బాగుంటుంది."

"అయితే కిటికీలో పెట్టండి. ఎండ తగలనివ్వకండి. ఎంత మంచి ఫోనైనా ఎండలో పెడితే సొమ్మసిల్లిపోతుంది."

కోడలికి చాన్నాళ్ళకి నవ్వు వచ్చింది. పక్కకి తిరిగింది. పక్కన భర్త లేడు.

కొట్టు బయట, అద్దాల తలుపుకి వీపు పెట్టి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. తలుపు పూర్తిగా మూసుకోకపోవడం వల్ల మాటలు ముక్కలు ముక్కలుగా లోపలికి వచ్చాయి.

"సాయంత్రం దాకా కుదరదు... నువ్వు కంగారుపడకు... తనకి తెలియకుండా చూస్తాను అన్నాను కదా..."

కోడలి చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నవ్వు ఎక్కడిదక్కడే చచ్చిపోయింది.

తనకి తెలియకుండా. ఆ 'తన' ఎవరో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అతను లోపలికి వచ్చేసరికి ఆమె లాప్‌టాప్ మూసేసి ఉంది. ఎవరితో మాట్లాడారని అడగలేదు. అడిగితే మళ్ళీ రెండు జవాబులు చెబుతాడు.

"ఇది తీసుకుంటాను" అంది లావుపాటి ఫోను చూపించి.

"ఇదా? ఇటుకలా ఉంది."

"నాకు ఇటుకే కావాలి."

కొట్టాయన సిమ్ము సర్ది, హాట్‌స్పాట్ పేరు అడిగాడు. "ఒక చిట్కా చెబుతాను. ఇప్పటిదాకా ఎవరి ఫోన్ వాడారో దానికున్న పేరూ పాస్‌వర్డే దీనికీ పెట్టండి. మీ లాప్‌టాప్‌కి ఏది పాతదో ఏది కొత్తదో తేడా తెలీదు. కనపడగానే అదే పట్టుకుంటుంది."

"వద్దు." భర్త చటుక్కున అన్నాడు. "వేరే పేరు పెట్టండి."

"ఏం?" అంది కోడలు.

"రెండూ ఒకటే పేరైతే గజిబిజి అవుతుంది."

"ఏ గజిబిజీ అవదండీ" అన్నాడు కొట్టాయన అమాయకంగా.

"పెట్టొద్దంటున్నాను కదా!"

కొట్టాయన భూతద్దం కిందికి దించుకుని, ఏదో ఒక పేరు కొట్టి, పెట్టె కట్టేశాడు.

బయటికి రాగానే భర్త ఫోను మోగింది. ఎక్కడో ఆరో అంతస్తులో లిఫ్టు ఆగిపోయిందట, లోపల ఇద్దరున్నారట. అతను బండి తీస్తూ ఆమె వంక చూడకుండా, "ఇంటికెళ్ళు. సాయంత్రం మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఏం మాట్లాడుకుందాం?"

అతను వెళ్ళిపోయాడు.

*

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అలికిడి లేదు. పడుకుని ఉంటారు అనుకుంది కోడలు.

ఈ మధ్య అత్తగారు కూడా మునుపటిలా లేరు. పొద్దున్న పూట ఆ గదిలోంచి మాటలు వినిపిస్తాయి. "తిన్నావా... అలాగా... ఏడవకు..." అంటూ ఉంటారు. అవతల నుంచి జవాబు ఉండదు. పెద్దతనం కదా, పోయిన మనిషితో మాట్లాడుకుంటున్నారేమో అని కోడలు జాలిపడి ఊరుకుంది.

ఆమె కిటికీ దగ్గర కూర్చుని కొత్త ఫోను పెట్టె విప్పింది. ఒక ఆడియో చేతిలో ఉంది, టైపు చెయ్యాలి. రెండోది ఇంకా దింపుకోవాలి. అయిదింటిలోగా రెండూ వెళ్ళాలి.

అవేవీ చెయ్యలేదు. లాప్‌టాప్ని సంచిలోంచి తియ్యను కూడా తియ్యలేదు.

హాట్‌స్పాట్ పేరు దగ్గరికి వెళ్ళి కొట్టాయన కొట్టినది చెరిపేసింది. భర్త ఫోన్లో ఉన్న పేరు కొట్టింది. 'పైకీకిందికీ'. పెళ్ళయిన కొత్తలో లిఫ్టుల మీద తను వేసిన వేళాకోళం అది. అతను దాన్నే పేరుగా పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ ఆమెకి కంఠతా వచ్చు.

వద్దని ఎందుకు అరిచాడు? ఈ పేరుని ఇంకేదో కూడా గుర్తుపడుతుంది కాబట్టి. అది అతని జేబులోదో, బండి పెట్టెలోదో అయితే ఇప్పుడు ఊరికి ఆ చివర ఉంటుంది. ఇక్కడ ఏదీ కలవదు. పక్కవాటా వాళ్ళదైతే కలుస్తుంది, తను క్షమాపణ అడుగుతుంది. ఏదో ఒకటి తేలిపోవాలి.

మీట నొక్కింది.

సున్నా.

ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది. గోతి దగ్గర పారల చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గట్టిగా దగ్గారు.

సున్నా ఒకటి అయింది.

కలిసిన వస్తువు పేరుగా చూపిస్తున్న అక్షరాలూ అంకెలూ పొద్దున్న భర్త ఫోన్లో చూసినవే.

కోడలు గోడల వంక చూసింది. ఆ గజిబిజి పేరుగల వస్తువు ఎక్కడో చేతికందేంత దూరంలోనే ఉంది.

అత్తగారి గదిలోంచి మాట వినిపించింది.

"అమ్మయ్య, వచ్చావా తల్లీ. ఇవాళ సాయంత్రం దాకా కుదరదన్నాడు వాడు, మధ్యాహ్నమే ఎలా కలిసిందబ్బా ఇది!"

కోడలు హాట్‌స్పాట్ ఆపేసింది.

"అయ్యో. ఆగిపోయావేం? కనిపిస్తున్నానా? ఇదిగో... ఇటు చూడు..."

మళ్ళీ పెట్టింది. మనసులో పది లెక్కపెట్టింది.

"ఆఁ. వచ్చావు."

ఇంకోసారి ఆపింది. అవసరం లేదని తెలుసు. అయినా ఆపింది. లోపల అత్తగారు ఫోన్ని తట్టుకుంటూ, బతిమాలుకుంటూ ఉంటే, ఇంత పెద్దమనిషిని ఇలా ఆడిస్తున్నానేమిటి అని ఒక పక్క సిగ్గేసింది. రెండో పక్క కాళ్ళు లేచి తలుపు దగ్గరికి నడిచాయి.

*

అత్తగారు మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఎదురుగా స్టూలు మీద నీళ్ళ చెంబు. చెంబుకి ఆనించి ఒక ఫోను. మూల పగిలిన ఆ ఫోన్ని కోడలు వెంటనే గుర్తుపట్టింది. లిఫ్టు గోతిలో నీళ్ళలో పడి పాడైపోయిందని భర్త చెప్పిన ఫోను.

తెర మీద బొమ్మ కదలకుండా ఆగిపోయి ఉంది. మసగ్గా ఒక ఆడమనిషి తల.

"ఎవరత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడి ఫోన్ని బోర్లా పడేశారు. "ఎవరూ లేరమ్మా."

"మీ అమ్మాయేనా?"

అత్తగారి వేళ్ళు దుప్పటి అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి.

కోడలు పొద్దుటి నుంచీ మనసులో మోస్తున్న ఆ ఇంకో ఆడమనిషి మాయమైపోయింది. తేలిక పడాలి. పడలేదు.

"మీ కూతురితో మీరు మాట్లాడుకుంటే నేను కాదంటానా? మీ దగ్గర మామూలు ఫోన్ ఉంది కదా. ఈ దొంగతనమంతా దేనికి?"

"అది మాట్లాడలేదమ్మా."

"అంటే?"

"గొంతుకి ఆపరేషన్ చేశారు. మూడు వారాలైంది. మాట రాదు. కాగితం మీద రాసి చూపిస్తుంది. నేను చదువుకుని జవాబు చెబుతాను." అత్తగారు బోర్లా ఉన్న ఫోన్ని తిప్పి చూశారు. "మామూలు ఫోన్లో దాని ఊపిరి తప్ప ఏం వినపడుతుంది నాకు?"

కోడలు మంచం కోడు పట్టుకుని నిలబడింది. జవాబు లేని ఆ పొద్దుటి మాటలన్నీ ఆమెకి ఇప్పుడు అర్థమయ్యాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"దాని పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతావని వాడికి భయం."

"నేనా? మనిషి ఆస్పత్రిలో ఉంటే కూడానా? నన్ను అలాంటిదాన్ననుకున్నారా?"

"నువ్వే అన్నావు కదమ్మా."

అన్నది. పదిమంది ముందు అన్నది.

కోడలు, "మూడు వారాలు," అంది. "తల్లీ కొడుకూ కూతురూ. ముగ్గురూ కలిసి. నేను మాత్రం ఈ ఇంట్లో బయటిదాన్ని."

"ఎన్ని తిట్టాలనుకుంటే అన్నీ తర్వాత తిట్టు. ముందు ఆ నెట్టేదో పెట్టు తల్లీ." అత్తగారు చేతులు పట్టుకున్నంత పని చేశారు. "ఇవాళ రిపోర్టు వస్తుందన్నారు. అందుకే వాడికి పొద్దుట్నుంచీ ఫోన్లు చేస్తున్నాను. సాయంత్రం దాకా కుదరదు, కంగారుపడకు అంటాడు. కంగారు పడక ఏం చెయ్యను?"

కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళి మీట నొక్కి వచ్చింది. వెళ్ళిపోదామనే అనుకుంది. అత్తగారు చెంబుకి మళ్ళీ ఫోన్ని ఆనించబోతే అది జారింది. కోడలే వంగి సరిగ్గా నిలబెట్టింది.

అలా వంగి ఉండగానే బొమ్మ కదిలింది.

ఆడపడుచు సగమైపోయింది. మెడ చుట్టూ తెల్లటి కట్టు. ఆ పెద్ద కళ్ళు మాత్రం అవే. ఆ కళ్ళు తల్లి కోసం వెతికి, వదిన ముఖం దగ్గర ఆగిపోయాయి.

ఇద్దరూ కదల్లేదు. నెట్టు మళ్ళీ ఆగిందేమో అనుకున్నారు అత్తగారు.

ఆడపడుచు ఒళ్ళో ఉన్న పుస్తకం ఎత్తింది. లావుపాటి కలంతో, తల్లికి కనపడేట్టు పెద్ద పెద్ద అక్షరాలు రాసి చూపించింది.

"వదినా అంటోంది" అన్నారు అత్తగారు. "నిన్నే. పలుకు."

కోడలు తలుపు వైపు చూసింది. పలకలేదు. వెళ్ళిపోనూలేదు. మంచం చివర కూర్చుంది.

ఆడపడుచు ఇంకో వాక్యం మొదలుపెట్టింది. 'ఆ రోజు నేను' దాకా రాసి ఆగి, కొట్టేసింది. తల్లి వంక ఒకసారి చూసింది. కాగితం తిప్పి, ఈసారి చిన్న అక్షరాలతో గబగబా రాసి చూపించింది.

"ఇదేమిటే, ఇంగ్లీషులో రాస్తున్నావు? నాకు రాదని తెలుసు కదా!" అత్తగారు తెర దగ్గరికి వంగారు. ఆవిడ గొంతులోకి కొత్తగా ఏదో వచ్చి చేరింది.

కోడలు చదివింది.

నువ్వు రోజూ డాక్టర్ల రిపోర్టులే టైపు చేస్తావని అన్నయ్య చెప్పాడు. ఇక్కడ నాకు ఎవరూ తిన్నగా చెప్పడం లేదు. అమ్మ ముందు ముఖం మార్చకుండా చదువు. నిజం నువ్వు చెబితే నమ్ముతాను.

కిందటిసారి ఈ మనిషి నోట విన్న మాట ఇంకొకటి. కోడలు చిన్నగా తల ఊపింది.

ఆడపడుచు రిపోర్టు తీసి కెమెరాకి దగ్గరగా పట్టుకుంది.

ఇలాంటి కాగితాలు కోడలు ఎన్ని వందలు టైపు చేసిందో లెక్కలేదు. పైన ఉండే వివరాల్లో ఏమీ ఉండదని ఆమెకి తెలుసు. కళ్ళు సరాసరి అడుగున ఉన్న మూడు వరసల దగ్గరికి వెళ్ళాయి. అవి చెప్పేటప్పుడు డాక్టర్లు మైకులో కూడా గొంతు తగ్గిస్తారు. కొందరు ఒక క్షణం ఆగి చెబుతారు. ఆ ఆగడం వినగానే, పేరు తెలియని ఆ మనిషెవరో గానీ పాపం అనుకుంటూ టైపు చేస్తుంది ఆమె.

కోసి తీసిన ముక్క అంచుల్లోనూ క్యాన్సర్ ఉంది. మెడ గ్రంథుల్లో నాలుగింట్లో మూడింటికి పాకింది.

కోడలు రెండోసారి చదవలేదు. ముఖం మార్చలేదు. మార్చలేదనే అనుకుంది.

"ఏముందమ్మా అందులో?"

"ఏం లేదత్తయ్యా. పుండు మానుతోందట. మందులేవో మారుస్తారట."

అత్తగారు తెర వైపు చూడడం మానేశారు. కోడలి వైపు తిరిగి, ఆమె చెవి దగ్గరున్న చేతిని నెమ్మదిగా పట్టుకుని కిందికి దించారు.

"పన్నెండేళ్ళ నుంచి చూస్తున్నాను నిన్ను. లేనిది చెప్పేటప్పుడు చెవి దుద్దు తిప్పుకుంటావు."

కోడలు చెయ్యి విడిపించుకోబోయింది. ముసలి చేతికి అంత పట్టు ఎక్కడిదో, వదల్లేదు.

"నేను మూడు వారాలు నీ దగ్గర దాచాను. తప్పే. దానికి బదులు తీర్చుకోకు. ఏముంది అందులో, చెప్పు."

చెంబుకి ఆనించిన తెరలో, కాగితం దించేసిన ఆడపడుచు వదిన కళ్ళలోకి చూస్తూ వద్దని తల అడ్డంగా ఊపింది.